పదవి లేని పరిచారకుడు

క్రీస్తుశకము 251వ సంవత్సరమున రోమునగర పీఠాధిపతియైన కొర్నేలియుస్, అంతియొకయ పీఠాధిపతియైన ఫాబియుస్‌నకు వ్రాసిన యొక జాబులో, తన నగరమునందలి క్రైస్తవసంఘమునకు ఎందరెందరు సేవకులు గలరో లెక్కగట్టి చెప్పెను. గురువులు 46 మంది, డీకనులు 7గురు, ఉపడీకనులు 7గురు, అకోలితులు 42 మంది, భూతోచ్చాటకులును పాఠకులును ద్వారపాలకులును కలిసి 52 మంది. వీరుగాక సంఘము అన్నవస్త్రములొసగి పోషించుచుండిన వితంతువులును దీనులును 1500 మందికి పైబడి యుండిరి. యుసేబియుస్ రచించిన సంఘచరిత్రలో చేరుటచేత ఈ జాబు కాలగర్భమున కలిసిపోక మనవరకు వచ్చినది. రాజదండనకు వెరచుచు నేలమాళిగలలో మృతులను పాతిపెట్టుకొనుచుండిన ఒక మతస్థులు ఇంత చక్కని లెక్క ఉంచుకొనుట యాశ్చర్యమే. కాని యీ వ్యాసమునకు కావలసినది అందలి 42 అను సంఖ్య. డీకనొక్కనికి ఆరుగురు చొప్పున సరిగా భాగింపబడు ఈ అకోలితులు, తరువాతి గ్రంథములను బట్టి చూడగా, దీపములు పట్టుట, ద్రాక్షారసమును నీటిని అందించుట, పీఠమును సేవించు పెద్దల వెన్నంటి చిన్న పనులు చక్కబెట్టుట తమ విధిగా గలవారు. సంఘముచే నియమింపబడి, సంఘపు లెక్కలోని కెక్కిన పదవీధరులు వారు.

నేడు ఫిరంగిపురముననైనను, గుణదలనైనను, లండను వెస్ట్‌మినిస్టరు ప్రధానాలయముననైనను ఆదివారపు దివ్యబలిపూజకు పోయి చూచువారికి ఆ పనులనే చేయుచు కనబడువారు చాలవరకు బడిపిల్లలు. నిలువుటంగీలు తొడిగికొని, మైనపువత్తులు పట్టుకొని గురువునకు ముందు నడచుచు, వేళకు గంట మ్రోగించుచు, సాంబ్రాణి వేయు పాత్రను ఊపుచు సంచరించు వీరిని మన విచారణలలోని జనులు పీఠబాలలందురు. వీరికి జీతము లేదు, అభిషేకము లేదు. ధర్మశాస్త్రములో పదవి యనదగినదియు లేదు. మూడవ శతాబ్దపు రోములో నియమితులైనవారు నిర్వహించిన ఉద్యోగము బాలుర చేతిలోకి ఎట్లు జారినది, జారిన పిదప వారిని అందు నిలిపి తీర్చిదిద్దుటకు ఏ ఏర్పాటు లవసరమైనవి అనునది పైకి కనబడునంత చిన్న కథ కాదు. అందలి ప్రధానఘట్టము లండను నగరపు పడమటి భాగమున హామర్‌స్మిత్ అను పేటలో 1904లో నడచినది. అయినను దాని వేళ్లు చాల వెనుకకు పోయినవి.

813లో జర్మనీదేశమున మైన్జు పట్టణమందు కూడిన సభ, గురువు ఒంటరిగా పూజ గానము చేయరాదని శాసించెను. ఎదుట ఎవ్వరును లేనప్పుడు ఆయన శుభవచనము ఎవరిని గూర్చి పలుకును, ప్రతివచనము ఎవరి నోట వినును అనునది ఆ సభవారు వేసిన ప్రశ్న. మఠములలో గురువుల సంఖ్య పెరిగి, ప్రతి గురువును ఏదో యొక చిన్న పీఠముకడ దినదినము పూజ చేయు నాచారము ప్రబలుచున్న కాలమది. అన్ని పీఠముల చెంత నిలుచుటకు అన్ని వేళల అకోలితులు దొరకుట యసంభవము. మఠములలోనో, తల్లిదండ్రులు దేవునికి సమర్పించిన పిల్లలు అప్పటికే చదువుకొనుచు, పాడుచు ఉండిరి. పెద్దవారు లేని చోట పిల్లవాడు నిలిచెను. ఈ మార్పును ఏ సభయు తీర్మానింపలేదు, ఏ పోపును ప్రకటింపలేదు. అవసరము దానంతటదియే చేసిన పని యిది. (మైన్జు సభ పెట్టిన నిబంధన సహస్రాబ్దము గడచిన పిదప 1917 నాటి కతోలిక ధర్మశాస్త్రములో మరల కనబడినప్పుడు, ఆ సూత్రమునకు దొరకిన అంకె కూడ 813యే యగుట కేవలము కాకతాళీయము, అయినను చెప్పకుండ ఉండలేకపోతిని.)

మధ్యయుగాంతమునకు అకోలితుని పదవి పేరునకు మిగిలినది. గురువు కాబోవువాడు దాటిపోవలసిన మెట్లలో అదియు నొక మెట్టయ్యెను. ఎక్కినవాడు దానిమీద నిలుచువాడు కాడు, పైమెట్టునకు పోవువాడు. ఈ లోపమును ట్రెంటు మహాసభ చక్కగా గుర్తించినది. 1563 జూలై 15న జరిగిన ఇరువదిమూడవ సమావేశమున సంస్కరణకై చేసిన తీర్మానములలో పదునేడవది, డీకను మొదలు ద్వారపాలకుని వరకు గల పదవుల విధులను విచారణ దేవాలయములలో పునరుద్ధరింపవలెననియు, ఆ విధులను ఆ పదవులు పొందినవారే నిర్వహింపవలెననియు, అవివాహితులు దొరకనిచో సచ్చరితులైన వివాహితులనైనను నియమింపవచ్చుననియు ఆదేశించెను. ఇంతకు మించిన ఉదారమైన యేర్పాటును ఆ కాలమున ఊహింపజాలము. గ్రామములోని సంసారి యొకడు పగలు పొలముపని చేసికొని, పండుగనాడు అకోలితుడై పీఠము చెంత నిలుచు వ్యవస్థ యది. ఆచరణలోకి వచ్చియుండిన, నేటి పీఠబాలుడు పుట్టియే యుండడేమో.

కాని దాని వెనువెంటనే పదునెనిమిదవ తీర్మానము కలదు. అది ప్రతి మేత్రాసనమునందును గురువిద్యాలయమును స్థాపించి, పండ్రెండేండ్లు నిండిన బాలురను చేర్చుకొని, గురుత్వమునకు సిద్ధపరుపవలెనని చెప్పినది. పదునెనిమిదవది ఫలించినది, పదునేడవది ఫలింపలేదు. ఇంకను స్పష్టముగా చెప్పవలెనన్న, ఒకటి ఫలించుటయే రెండవది విఫలమగుటకు కొంత కారణమైనది. పదవులకు యోగ్యులైనవారందరును ఊళ్లు విడిచి గురువిద్యాలయముల గోడలలోనికి పోయిరి. అచటనే అకోలితులైరి, అచటినుండియే గురువులై బయటికి వచ్చిరి. విచారణలో మిగిలినది గురువు, ఆయన పీఠము, పీఠముకడ ప్రతివచనము పలుకవలసిన ఖాళీ స్థలము. ఆ స్థలమున నిలుచుటకు స్త్రీలకు అనుమతి లేదు. 1755లో పోపు 14వ బెనెడిక్టు ఆ నిషేధమును మరల గట్టిగా ప్రకటించెను. అంగళ్లకు, పొలములకు పోవలసిన పురుషులకు తెల్లవారుజామున తీరిక లేదు. ఇక మిగిలినవాడు బాలుడే.

హామర్‌స్మిత్ పేటకు పోవుదము. అచట వెస్ట్‌మినిస్టరు అగ్రపీఠాధిపతియైన కార్డినల్ మానింగ్ తన మేత్రాసనపు గురువిద్యార్థుల కొరకు ఒక విద్యాలయమును నెలకొల్పి, జాన్ ఫ్రాన్సిస్ బెంట్లీ యను శిల్పాచార్యునిచేత ఎఱ్ఱయిటుకల భవనము కట్టించెను. మానింగ్ తరువాత వచ్చిన కార్డినల్ వాన్, లండనులో వేరుగా గురువిద్యాలయము అనవసరమని తలచి దానిని మూసివేయగా, 1893లో ఆ భవనము తిరుహృదయ మఠకన్యల వశమయ్యెను. అకోలితులు మున్నగువారిని తయారుచేయుటకై కట్టిన యిల్లు ఆ విధముగా కన్యామఠమై, బాలికల పాఠశాలయయ్యెను. ఆ మఠమునకు పూజ చేయుటకు వచ్చు గురువు హామిల్టన్ మాక్డొనాల్డ్. ఆ ఇంట భక్తురాండ్రకు కొదువ లేదు. లతీను ప్రార్థనలు కంఠస్థమైనవారికిని కొదువ యుండదు. కాని వారిలో ఒక్కరును పీఠపు మెట్టుమీద కాలు మోపరాదు. పేటలోని బాలురే దిక్కు. 1904లో ఆయన ఆ బాలుర కొరకు పునీత స్తెఫను పేర నొక సంఘమును స్థాపించెను.

ఇది జరిగిన కాలమును గమనింపవలెను. ఇంగ్లండు కతోలికులకు రాజకీయపు హక్కులు 1829లో వచ్చినవి. పీఠాధిపతుల వ్యవస్థ 1850లో పునఃస్థాపితమైనది. ఐర్లండు కరవునుండి పారిపోయి వచ్చిన కూలిజనములతో నగరములలోని విచారణలు నిండినవి. ఆ కూలివాండ్ర పిల్లలు ఎంతకాలము బడికి పోవుదురు? 1899 నాటి చట్టము ప్రకారము పండ్రెండేండ్లు నిండినచాలు, బడి మానవచ్చును. పదునాలుగేండ్ల వరకు చదువవలెనను నియమము 1918లోగాని రాలేదు. పీఠసేవ నేర్చిన పిల్లవాడు, లతీను పలుకులు నాలుకకు పట్టుబడి చేతులు స్థిరపడునంతలో, కార్ఖానాకో రేవులోని పనికో పోవును. గురువు మరల మరియొక పసివానిని పట్టుకొని మొదటి మాటనుండి మొదలుపెట్టవలెను. ఏటేట విత్తి, పంట చేతికి రాకమునుపే పొలము మార్చు సేద్యమిది. అందుచేత శిక్షణ యిచ్చుట ఒక సమస్యయైన, శిక్షణ పొందినవానిని నిలుపుకొనుట అంతకు మించిన సమస్య.

మగపిల్లలను ఒక కట్టుబాటులో నిలుపవలెనను యోచన ఆ దినములలో ఆ దేశమంతట గాలిలో నున్నది. గ్లాస్గో నగరమున బాలుర దళము 1883లోనే వెలసినది. ఆంగ్లికను సంఘమువారిలో పీఠసేవకుల సమాజ మొకటి 1898లో ఏర్పడినది. బేడన్ పవెల్ స్కౌటు బాలురను గుడారములకు కొనిపోయినది 1907లో. దుస్తు, చిహ్నము, ప్రతిజ్ఞ, వరుసక్రమము – ఈ నాలుగింటియెడ బాలునికి గల మక్కువను పెద్దలు అప్పుడప్పుడే కనిపెట్టుచుండిరి. మాక్డొనాల్డ్ గురువు చేసిన పనిని ఆ వరుసలో పెట్టి చూడవలెనే గాని, కేవలము పూజావిధానపు సంస్కరణగా చూడరాదని నా యభిప్రాయము.

ఆయన యేర్పాటు సరళమైనది. పిల్లవాడు మొదట కొన్నినెలలు నేర్చుకొనుచు సేవింపవలెను. తరువాత విచారణ జనుల యెదుట ప్రతిజ్ఞ పలికి సంఘములో చేరవలెను. అప్పుడు గురువు ఎఱ్ఱని త్రాట కట్టిన కంచుపతకమును అతని మెడలో వేయును. పతకముమీద క్రీస్తు నామమున గ్రీకుభాషలోని మొదటి రెండక్షరములు, కిరీటము, ఆయనకు పరిచర్య చేయుటయే రాచరికమను భావముగల లతీను వాక్యము ఉండును. పదేండ్లు సేవించినవానికి వెండి పతకము, ఏబది యేండ్లు సేవించినవానికి బంగారు పతకము. ఏబది యేండ్లట! పండ్రెండేటనే బడి మాని పోవు పిల్లల కొరకు పెట్టిన సంఘము ఏబది యేండ్ల సేవకు బహుమతి నిర్ణయించుకొనుటలోనే దాని యుద్దేశము తెలియుచున్నది. బాలుడు పెరిగినంతనే పీఠమును విడిచిపోవలసిన పని లేదు. యువకుడై, గృహస్థుడై, ముదుసలియై అచటనే నిలువవచ్చును. ట్రెంటు సభ పదునేడవ తీర్మానముతో సాధింపజూచిన వివాహితుడగు పరిచారకుడు, చట్టము పిలిచినప్పుడు రాలేదు. మూడున్నర శతాబ్దములు గడచిన పిదప పతకము పిలువగా వచ్చెను.

1905లో పోపు 10వ భక్తినాథుడు ఈ సంఘమునకు అనుమతి యొసగెను. 1906 డిసెంబరులో ఇతర విచారణలవారును ఇందు చేరుట కనుజ్ఞ దొరకుటతో అది వెస్ట్‌మినిస్టరు ప్రధానాలయము కేంద్రముగా మహాసంఘమయ్యెను. 1934లో పోపు 11వ భక్తినాథుడు దానిని బ్రిటిషు సామ్రాజ్యమంతటికిని విస్తరింపజేసెను. అనుమతించిన 10వ భక్తినాథుడు బాలురయెడ ప్రత్యేకశ్రద్ధ గలవాడని వేరుగా చెప్పనక్కరలేదు: 1903లో దేవాలయగానమును సంస్కరించుచు, పై స్థాయి స్వరములకు బాలురనే వినియోగింపవలెనని శాసించినది ఆయనయే, 1910లో ఏడేండ్ల యీడు వచ్చిన బిడ్డలకు దివ్యసత్ప్రసాదము ఈయవలెనని ప్రకటించినదియు ఆయనయే.

సంఘమునకు పేరిచ్చిన స్తెఫను బాలుడు కాడు. అపొస్తలుల కార్యముల గ్రంథమును బట్టి ఆయన విధవలకు ఆహారము పంచు పనికై ఎన్నుకొనబడిన ఏడుగురు పెద్దమనుషులలో ఒకడు. బాలుర కొరకు ప్రసిద్ధికెక్కిన పునీతుడు వేరే కలడు: తార్సీసియుస్. రోములో ఈయన సమాధికి 4వ శతాబ్దమున పోపు దమాసుస్ చెక్కించిన పద్యశాసనము, దివ్యసత్ప్రసాదమును కొనిపోవుచుండగా అల్లరిమూక చుట్టుకొన్నను దానిని అప్పగింపక ప్రాణము విడిచినాడని చెప్పి, ఆయనను స్తెఫనుతో పోల్చినది. ఆయన వయస్సును గూర్చి శాసనము ఏమియు పలుకలేదు. పసివాడైన అకోలితుడుగా ఆయనను లోకమునకు పరిచయముచేసినది 1854లో వెలువడిన ఫబియోలా యను నవల. రచయిత వెస్ట్‌మినిస్టరు మొట్టమొదటి అగ్రపీఠాధిపతియైన కార్డినల్ వైజ్‌మన్. పీఠసేవ చరిత్రలో జరిగినదే పునీతుని చరిత్రలోను జరిగినది: పెద్దవాడై యుండదగినవాడు బాలుడైపోయెను. పీఠసేవకుల మూడవ పోషక పునీతుడైన జాన్ బెర్క్‌మన్సు మాత్రము నిజముగ బాల్యముననే పీఠసేవకుడు. 1599లో ఫ్లాండర్సు ప్రాంతపు డీస్టు పట్టణమున చెప్పులు కుట్టువాని యింట పుట్టి, ఏడేండ్లకే ప్రతి యుదయమును రెండు మూడు పూజలకు సేవచేసి, యేసుసభలో చేరి 1621లో రోమునగరమున, ఇరువదిరెండేండ్ల ప్రాయమున కన్నుమూసిన ఈయనను 1888లో పునీతునిగా ప్రకటించిరి.

ఇక శిక్షణ. ఆ కాలపు లతీను పూజలో పీఠబాలుడు నేర్వవలసిన దేమిటో చూచినగాని ఆ పిల్లలయెడ మనకు తగిన గౌరవము కలుగదు. మొట్టమొదట నోటిపని. గురువు మెట్ల దిగువ నిలిచి దావీదు కీర్తన యొకటి ఎత్తుకొనగా బాలుడు చరణము విడిచి చరణము అందుకొనవలెను. పాపమును ఒప్పుకొను జపమును సాష్టాంగపడుచున్నట్లు వంగి ఆసాంతము ఒప్పజెప్పవలెను. అన్నింటికంటె కష్టమైనది, అర్పణమైన పిదప గురువు వెనుదిరిగి ప్రార్థింపుడని జనులను కోరినప్పుడు చెప్పవలసిన పొడుగాటి వాక్యము. ఊపిరి విడువని ఆ వాక్యములో సగము మ్రింగి తక్కినది గొణిగి తప్పించుకొనుట లోకమందంతట పీఠబాలుర సొత్తు. ఆ పలుకులు అతనివి కావు. నిజమునకు జనసమూహమంతయు పలుకవలసినవి. జనులకు లతీను రాదు గనుక వారి పక్షమున ఒక బాలుడు పలుకుచున్నాడు. అతనికిని రాదు; అయినను పలుకుచున్నాడు.

పిమ్మట చేతుల పని, కాళ్ల పని. వత్తులు వెలిగించుట పత్రిక చదువు వైపునుండి, అనగా పీఠమునకు ఎదురుగా నిలిచినవానికి కుడివైపునుండి, మొదలుపెట్టవలెను. ఆర్పుట ఎడమ వైపునుండి. పూజాగ్రంథము పీఠమునకు ఏ వైపున నున్నదో పిల్లవాడు దానికెదురు వైపున మోకరింపవలెను. గ్రంథమును వ్యాసపీఠముతోసహా ఎత్తి, మెట్లు దిగి, నడుమ మోకాలు మోపి లేచి, రెండవ వైపున ఎక్కి దించవలెను. గ్రంథమో బరువు, అంగీయో పొడుగు. కాలికి అంగీ తగులుకొని గ్రంథముతో కూడ బోరగిలబడుట యసాధారణము కాదు. ద్రాక్షారసపు సీసా కుడిచేత, నీటి సీసా ఎడమచేత పట్టి, ముద్దిడి అందింపవలెను. అప్పమును పైకెత్తు వేళ మెట్టుపై మోకరించి ఎడమచేత గురువు పైవస్త్రపు కొసను ఎత్తిపట్టి, కుడిచేత గంట మ్రోగింపవలెను. ఆ వస్త్రపు కొస ఎందుకెత్తవలెనని ఏ బాలుడైన అడిగినచో – తెలివిగలవాడు అడుగకపోడు – దానికి సమాధానము చరిత్రలోనే కలదు. ఒకప్పుడు ఆ వస్త్రము గురువు శరీరమంతటిని గంటవలె కప్పునంత పెద్దది. చేతులెత్తుటకు వేరొకరి సాయము కావలసియుండెను. కాలక్రమమున వస్త్రమును కత్తిరించి చిన్నది చేసిరి. సాయము మాత్రము మానలేదు. మూడు గొలుసులకు వ్రేలాడుచు మూతకు నాలుగవ గొలుసు గల ధూపపాత్రను, నిప్పులు చెదరకుండ, గొలుసులు పెనవేసికొనకుండ నడపుటకు ప్రత్యేకసాధన యవసరము. ఆ పని పెద్ద పిల్లలకుగాని చేజిక్కదు. చేజిక్కినవాడు గర్వించుటయు సహజమే.

ఇవన్నియు నేర్పునది సామాన్యముగా పూజావస్త్రములుంచు సాక్రిస్టీ గదిలోనో, పగటివేళ నిర్జనమైన గుడిలోనో. అప్పమును రసమును లేకయే పూజ యంతయు నటింపజేసి చూచుట పద్ధతి. గురువు అన్నివేళల నేర్పజాలడు గనుక పెద్ద పీఠబాలుడే చిన్నవానికి నేర్పును. ఆ పెద్దవాని చేతిలో తప్పునకు తల వెనుకనుండి పడు మొట్టికాయ సంఘపు నిబంధనావళిలో లేదు గాని ఆచారములో ఎల్లప్పుడు కలదు. పండుగలకు జంటలు కట్టునప్పుడు ఎత్తులు చూచి కట్టుట, వారమునకు ఎవరి వంతు ఏ పూజకో కాగితముమీద వ్రాసి తలుపునకు అంటించుట, వంతునాడు రానివానికి బదులు ఎవరో ముందే నిర్ణయించుట – విచారణ గురువునకు ఉపన్యాసము తయారుచేయుటకంటె ఇవియే ఎక్కువ తలనొప్పి. సత్ప్రసాదము పుచ్చుకొనదలచినవాడు అర్ధరాత్రినుండి మంచినీరుకూడ ముట్టరాదను నియమము 1953 వరకు ఉండుటచేత, చలికాలపు తెల్లవారుజామున ఖాళీకడుపుతో నడచివచ్చి, సాంబ్రాణిపొగలో మోకరించి, కన్నులు తిరిగి ఒరిగిపోయిన పిల్లలు ప్రతి విచారణలోను ఉండెడివారు.

ఈ చిక్కులన్నిటికిని ప్రమాణగ్రంథము నొకదానిని ఇంగ్లీషు పాఠకులకు ఇచ్చినవాడు లెచ్‌వర్త్ పట్టణపు విచారణ గురువు ఆడ్రియన్ ఫోర్టెస్క్యూ. తూర్పుసంఘముల చరిత్రలో అపారపాండిత్యము గల ఆ బహుభాషావేత్త, రోమను సంప్రదాయపు క్రతువులను వర్ణించుచు మొదటి ప్రపంచయుద్ధకాలమున వ్రాసిన పుస్తకముననే, ఎవరు ఎప్పుడు ఎచట నిలువవలెనో పటములతో సహా నిర్ణయించెను. 1923లో నలువదితొమ్మిదేండ్లకే ఆయన గతించినను ఆ పుస్తకము ఇతరుల చేతిలో సవరణలు పొందుచు దశాబ్దముల తరబడి సాక్రిస్టీలలో నిలిచినది.

హామర్‌స్మిత్ భవనమును మఠకన్యల కిచ్చిన కార్డినల్ వాన్‌కు తెలుగునాటితో నున్న సంబంధము ఈ సందర్భమున చెప్పదగినది. కార్డినల్ కాకమునుపు, 1866లో, ఆయన లండను చెంత మిల్‌హిల్ అను గ్రామమున విదేశప్రచారక గురువుల సభను స్థాపించెను. ఆ సభవారే 1875లో మద్రాసు మిషనులోని తెలుగు ప్రాంతములకు వచ్చి, నెల్లూరు, గుంటూరు మండలములలో, ఫిరంగిపురమువంటి పాత కతోలిక గ్రామములు కేంద్రములుగా పనిచేసిరి. 1928లో ఏర్పడిన నెల్లూరు మేత్రాసనము, 1940లో ఏర్పడిన గుంటూరు మేత్రాసనము వారి సేద్యపు ఫలములు. లండను కూలివాని కొడుకునకు లతీను ఎంత దూరమో ఫిరంగిపురపు రైతుబిడ్డకును అంతే దూరము. పూజ మాత్రము ఉభయత్ర ఒక్కటియే, ప్రతివచనములు ఒక్కటియే. ఒక్క భేదము: తెలుగుబిడ్డ గుడిలోనికి చెప్పులు విడిచి వచ్చును.

1947లో పోపు 12వ భక్తినాథుడు, పీఠసేవకు అన్ని తరగతులనుండి మంచి పిల్లలను ఏరి శిక్షణ యిచ్చినచో వారినుండియే గురువులు వత్తురని పీఠాధిపతులకు వ్రాసెను. అదియు నిజమే కాని, సంఖ్యలను చూచి గురువులు కానివారిని వ్యర్థులుగా భావించు ధోరణికి అట్టి మాట కొంత దారితీసినదనియు చెప్పకతప్పదు. ఆ ధోరణిని మార్చినది రెండవ వాటికన్ మహాసభ. 1963 డిసెంబరు 4న వెలువడిన ఆరాధనావిధాన శాసనపు 29వ అంశము, పీఠసేవకులు, పాఠకులు, గాయకులు చేయునది నిజమైన ఆరాధనాసేవయేననియు, వారికి దాని యంతరార్థము తెలియునట్లు శిక్షణ ఈయవలెననియు చెప్పినది. కాని అదే మహాసభ ఫలితముగా పూజ దేశభాషలలోనికి వచ్చినది. జనులు తమ ప్రతివచనములను తామే పలుకనారంభించిరి. వేయేండ్లుగా వారి పక్షమున పలుకుచుండిన బాలుని నోటికి పని తప్పినది. చేతులు మిగిలినవి. గౌరవము పెరిగిన యేటనే పనిలో సగము తగ్గిపోయిన ఉద్యోగి మరియొకడు చరిత్రలో ఉన్నాడో లేడో నేనెరుగను.

భారతదేశమున ఆ చేతులకు క్రొత్తపని దొరకినది. 1969 ఏప్రిల్ 25న రోమునుండి అనుమతి పొందిన పండ్రెండు సవరణలు మన దేశపు ఆచారములను పూజలోనికి తెచ్చినవి. మోకాలు మోపుటకు మారుగా అంజలి, ముద్దునకు మారుగా వస్తువును తాకి కన్నుల కద్దుకొనుట, మైనపువత్తులకు మారుగా నూనెదీపము, గొలుసుల ధూపపాత్రకు మారుగా పిడిగల ధూపకలశము, పుష్పములతో దీపముతో ధూపముతో హారతి – వీనిలో ప్రతి యొక్కటియు మాటలలో చూడ పీఠాధిపతుల నిర్ణయమే గాని, చేతలలో పీఠబాలుని శిక్షణయే. కొన్ని విచారణలు వీనిని ఆదరించినవి, కొన్ని యిచ్చగింపలేదు. తాము విడిచివచ్చినదని తలచిన పద్ధతిని గుడిలో మరల చూచుట పెద్దవారికి కొందరికి రుచింపలేదు. పిల్లలకు మాత్రము హారతిపళ్లెము పట్టుట నేర్పుట ఎన్నడును కష్టము కాలేదు. ఇంట చూచిన తీరు అది.

1972 ఆగస్టు 15న – తార్సీసియుస్ స్మరణదినముననే – పోపు 6వ పౌలు చిన్న పదవులను రద్దుచేసి, పాఠకుడు, అకోలితుడు అను రెంటిని మాత్రము గృహస్థపురుషులకును లభింపదగిన సేవలుగా నిలిపెను. ఆ శాసనము 1973 జనవరి 1నుండి అమలులోనికి వచ్చినది. ట్రెంటు సభ పదునేడవ తీర్మానమునకు ఇది నాలుగు శతాబ్దముల తరువాతి ప్రతిధ్వని. 1994 మార్చి 15న రోమునుండి వచ్చిన లేఖ, స్థానిక పీఠాధిపతి యిష్టమును బట్టి బాలికలును పీఠసేవ చేయవచ్చునని తెలిపినది. 1904లో హామర్‌స్మిత్ మఠమున చదువుకొనుచుండిన బాలికల మునిమనుమరాండ్రకు ఈ మార్పు అందినదని చెప్పవచ్చును. కొందరు గురువులు బాలికలు వచ్చినచో బాలురు మానుకొందురని భయపడిరి. కొన్నిచోట్ల అట్లే జరిగినది, కొన్నిచోట్ల బాలురు మునుపే మానుకొనియుండుటచేత బాలికలే పీఠమును నిలిపిరి. 2021 జనవరిలో పోపు ఫ్రాన్సిస్ అకోలితుల నియమిత సేవను స్త్రీలకును తెరచెను. 2018 వేసవిలో రోమునకు తీర్థయాత్రగా వచ్చి పునీత పేతురు మైదానమున కూడిన పీఠసేవకులు 60,000 మందికి పైబడిరి. కొర్నేలియుస్ లెక్కకు ఇప్పుడు అంకెలు చాలవు.

ఇంతయైనను, నియమిత అకోలితుని సేవ పెద్దలకే. ప్రతి ఆదివారము వత్తి పట్టుకొని నడచు పిల్లవాడు గాని పిల్ల గాని, 1983 నాటి ధర్మశాస్త్రపు 230వ సూత్రము మేరకు, ఆ సమయమునకు మాత్రము నియుక్తులైన తాత్కాలికులు. వెస్ట్‌మినిస్టరులోని మహాసంఘము మాత్రము ఆ తాత్కాలికులకు సేవలో పదవయేట వెండి పతకమును, ఏబదవయేట బంగారు పతకమును నేటికిని ఇచ్చుచునే యున్నది.